ఏడాది గడువు, మల్లాగౌడ్ మోచెయ్యి

కొత్తగా డాక్టర్లయిన పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. వికలాంగుల సర్టిఫికెట్లు రాసే బల్ల దగ్గర వాళ్ళను కూర్చోబెట్టబోతున్నారట. "తాతా, మీ కాలంల గివన్నీ ఎట్ల రాసేటోళ్ళు?" అని ఒక పిల్ల అడిగింది. అడిగిందే తడవు, మొదలుపెట్టాను. తెచ్చిన టీ చల్లారింది. మళ్ళీ కాచి తెచ్చారు, అదీ చల్లారింది. నేను ఆపితేగా! చివరికి మా ఆవిడ వచ్చి, "వాళ్ళను ఇండ్లకు పోనియ్యుండ్రి, మిగిలింది కాగితం మీద రాసుకోండ్రి" అని నా నోరు మూయించింది. అందుకని ఇది రాస్తున్నాను.

నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పుకుంటే నాకే ఆవులింతలు వస్తాయి. చెప్పవలసింది ఒక్కటే ఉంది. మీ బల్ల ముందుకు ఒక మనిషి వస్తాడు. అతను పని చేయగలడా లేడా అన్నది మీరు మొదట తేల్చాలి. చేయలేడంటే, మళ్ళీ ఎన్నాళ్ళకు పిలిచి చూడాలో రాయాలి. మొదటిదానికి మీ పుస్తకాల్లో లావుపాటి అధ్యాయాలున్నాయి. రెండోదానికి కాగితం అడుగున ఒక చిన్న గీత ఉంటుంది, దాని మీద ఒక అంకె వేయాలి, అంతే. ఆ అంకెను నేను ఎంత తేలిగ్గా వేశానో, వేసి ఒక మంచి గీత కార్మికుడి చెయ్యిని ఎట్లా పాడుచేయబోయానో చెబుతాను. అది మళ్ళీ ఎట్లా దక్కిందో కూడా చెబుతాను. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు కూర్చున్నచోట కాలు నిలవదు.

గడబిడ రోజులు

నేను మెదక్ చర్చి వెనక గల్లీలో పుట్టాను. మా నాయన వడ్రంగి. ఆ పెద్ద చర్చి తలుపులకు చిత్రిక పట్టిన చేతుల్లో ఆయనవీ రెండున్నాయి. నన్ను మాత్రం హైదరాబాదు పంపి డాక్టరీ చదివించాడు. చదువు ముగించుకుని మెదక్ సర్కారు దవాఖానలో చేరేసరికి ఊళ్ళన్నీ అట్టుడుకుతున్నాయి. పోలీసు చర్యకు ముందు సంవత్సరం అది. ఏ రోజు ఏ పల్లె నుంచి ఏ బండి దెబ్బలు తిన్నవాళ్ళను మోసుకొస్తుందో తెలియదు.

మా పెద్ద డాక్టరు యూనుస్ సాబ్. పొడుగాటి మనిషి, నడుస్తుంటే వసారా చిన్నదైపోయేది. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం, చేరిన వారంలోనే. తుపాకి దెబ్బతో వచ్చిన ఒక మనిషిని, "ఎవలు కాల్చిండ్రు?" అని అడిగాను. సాబ్ నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు.

"గాయం నీది. తుపాకి నీది గాదు. ఇంకోసారి అడిగితే నిన్ను దవాఖానల ఉండనియ్య" అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. వారం తిరిగేసరికి ఆయన మాటలో ఎంత తెలివి ఉందో అర్థమైంది. పక్క పక్క మంచాల మీద ఇద్దరు పడుకున్నారు. ఒకడు దెబ్బ తిన్నవాడు, రెండోవాడు ఆ దెబ్బ కొట్టిన గుంపువాడు. ఇద్దరికీ నీళ్ళ కుండ ఒకటే. మేము అడగలేదు కాబట్టి వాళ్ళూ ఒకరినొకరు అడగలేదు. ఇద్దరూ బతికి బయటపడ్డారు.

ఆ ఎండాకాలంలోనే కౌడిపల్లి అవతలి పల్లె నుంచి ఒక ఎడ్లబండి వచ్చింది. బండి తోలుతున్నది ఆడమనిషి. పేరు లచ్చవ్వ. వెనక గడ్డి మీద ఆమె పెనిమిటి మల్లాగౌడ్, కల్లు గీసేవాడు. తాటిచెట్టు మీద ఉండగా కింద తుపాకి పట్టుకున్నవాళ్ళు వచ్చి, ఎవరెవరు ఎటు పోయారో పై నుంచి చూసి చెప్పమన్నారట. "నా కండ్లకు కల్లు తప్ప ఏం కనపడది" అన్నాడట. తుపాకి పేలింది. గుండు కుడి మోచేతి కింది నుంచి దూసుకుపోయింది. పడిపోతే అక్కడే ప్రాణం పోయేది. ఎడమ చేత్తో మోకు పట్టుకుని, ఆ తాడు ఊతంతో జారుకుంటూ నేలకు దిగాడు. ఆ సంగతి వింటూనే కట్టు కట్టాను.

సాబ్, నేను కలిసి ఆ చెయ్యి నిలబెట్టాం. తీసేయవలసి వస్తుందని మూడుసార్లు అనుకున్నాం, మూడుసార్లూ ఆగాం. ఎముక అతుక్కుంది. మల్లాగౌడ్ ఇంటికి పోతూ బండి ఎక్కుతుంటే మా కాంపౌండరు చప్పట్లు కొట్టాడు.

అందరికీ ఏడాదే

పోలీసు చర్య అయిపోయింది. గడబిడల్లో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకు వజీఫా ఇవ్వాలని కొత్త సర్కారు హుకుం పంపింది. పింఛనును అప్పుడు వజీఫా అనేవాళ్ళం. ఎవరికి ఇవ్వాలో దవాఖాన రాసివ్వాలి. ఆ పని సాబ్ నాకు అప్పగించాడు. నాకేమో కళ్ళు నెత్తికెక్కాయి! ఇరవయ్యేడేళ్ళవాడి చేతికి అంత అధికారం వస్తే మరి ఎక్కవా?

కాగితం అడుగున గడువు రాయాలి. ఏడాది రాయవచ్చు, మూడేళ్ళు రాయవచ్చు, తాహయాత్ అని కూడా రాయవచ్చు. తాహయాత్ అంటే బతికున్నన్ని రోజులు, మళ్ళీ పిలిచేది లేదు. నేను అందరికీ ఏడాదే రాశాను. ఒక్కరికి కూడా వేరేగా రాయలేదు. ఎక్కువ రాస్తే పైవాళ్ళు అడుగుతారేమోనని భయం. ఆ భయానికి నేను పెట్టుకున్న పేరు నిజాయితీ. ఏడాదికోసారి చూస్తుంటే ఎవడూ సర్కారును మోసం చేయలేడని నా ధీమా.

మల్లాగౌడ్ వంతు వచ్చింది. గాయం మానింది, చెయ్యి మాత్రం మోచేతి దగ్గర వంగిపోయి ఉంది. మెల్లగా లాగితే కొద్దిగా కదులుతోంది. ఆ వంపు ఎంతో కొలవడానికి దవాఖానలో సాధనం లేదు. నేను ఊరుకుంటానా! ఇంటికి పరుగెత్తి మా నాయన పెట్టెలోంచి గునియా తెచ్చాను. వడ్రంగులు మూల సరిగ్గా ఉందో లేదో చూసుకునే మూలమట్టమే గునియా. దాన్ని మల్లాగౌడ్ మోచేతికి ఆనించాను. సరిగ్గా సరిపోయింది!

"చూసినవా? గునియా అంత వంపు!" అని గొప్పగా అన్నాను. కాగితంలోనూ అట్లాగే రాశాను.

మల్లాగౌడ్ ఆ గునియా వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"సారు, మల్ల వచ్చే ఏడు ఏమైతది?"

"మల్ల పిలుస్తం, మల్ల చూస్తం."

"అప్పుడు ఆపుతరా?"

అతని మొహంలో దిగులు చూసి నాకు జాలేసింది. చెట్టెక్కలేడు, ఇంట్లో ముసలితల్లి, ఇద్దరు ఆడపిల్లలు, లచ్చవ్వ ఒక్కతే కూలికి పోతోంది. వజీఫా ఆగితే పొయ్యి వెలగదు. ధైర్యం చెబుదామనిపించింది.

"పరేషాన్ గాకు మల్లాగౌడ్. గీ చెయ్యి గిట్లనే ఉంటే వచ్చే ఏడు గూడ నీ వజీఫా ఎటు పోదు."

అతను రెండు చేతులూ నెత్తి మీదికెత్తి జోడించబోయాడు. ఒకటి అంత పైకి రాలేదు, ఎడమ చేత్తోనే దండం పెట్టాడు. ఎంత మంచి మాట చెప్పానో అనుకుంటూ ఆ రోజంతా తెగ సంబరపడ్డాను. నా మొహం మండ!

మట్టతో చేసిన గునియా

ఏడాది తిరిగింది. నేను రాసిన గడువులన్నీ ఒకేసారి ముగిశాయి. వసారా నిండా జనం. మొదట వచ్చినవాడు చేగుంట బండి రామయ్య. ఎడమకాలు తొడ దగ్గరికి మేమే తీసేశాం. కర్రల మీద ఎగిరెగిరి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏం చూస్తరు డాక్టర్ సాబ్?" అని అడిగాడు, వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు.

నేను కాగితం తీస్తుండగా వెనక నుంచి యూనుస్ సాబ్ అరిచిన అరుపుకు వసారా అంతా లేచి నిలబడింది.

"కాలు మొలిచిందేమో చూస్తడంట! గింత దూరం కర్రల మీద నడిపించి మొలకలు చూస్తడంట! తాహయాత్ రాయి, గిప్పుడే, నా ముంగట!"

రాశాను. రామయ్యకు మాత్రం నవ్వు ఆగలేదు. "పోనియ్యుండ్రి సాబ్, పిలగాడు" అని నా తరఫున ఆయనే మాట్లాడాడు. అంతకంటే సిగ్గుచేటు ఉంటుందా?

ఆ దెబ్బ నుంచి తేరుకుందామని తరువాతి కాగితం తీశాను. మల్లాగౌడ్. హమ్మయ్య అనుకున్నాను. ఇతని సంగతిలో నా పని పక్కా. గునియా తీసి మోచేతికి పెట్టాను. అచ్చం అంతే! వెంట్రుకవాసి తేడా లేదు! నా కొలత ఎంత ఖచ్చితమో చూపించుకుని పోయిన పరువు రాబట్టుకోవాలని, "సాబ్, జర ఇటు రాండ్రి!" అని పిలిచాను.

సాబ్ వచ్చాడు. గునియా వైపు కన్నెత్తి చూడలేదు. మోచేతి మడతను రెండు వేళ్ళతో విడదీసి చూశాడు. లోపల చర్మం తెల్లగా నానిపోయి, ఒరుసుకుపోయి ఉంది. భుజం మీద గుడ్డ ఒరిసిన మచ్చ నల్లగా కాయ కాసింది.

"ఏడాది సంది గీడ గాలి తగల్లే. గీ చెయ్యిని కట్టిందెవలు?" అన్నాడు.

మల్లాగౌడ్ తల వంచుకున్నాడు. లచ్చవ్వ మాత్రం ముందుకొచ్చింది. కొంగులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. తాటిమట్ట చీల్చి, రెండు ముక్కలు నిలువూ అడ్డం పెట్టి నారతో బిగించి కట్టిన వస్తువు. ఒక క్షణం నాకు తెలియలేదు. తెలిశాక నా చేతిలోని గునియాను కింద పెట్టేశాను.

"గీ సారు గునియా చూసి మా ఆయన గూడ ఒకటి చేసుకున్నడు" అంది లచ్చవ్వ. "దినాం పొద్దుగాల లేసి పెట్టి చూస్తడు. జర సాగినట్టనిపిస్తే రుమాలుతోని రొమ్ముకు బిగిచ్చి కడుతడు. నిద్రల సాగుతదేమోనని పండుకున్నప్పుడు గూడ ఇప్పడు. మొదట మొదట మస్తు సాగుతుండె సారు. గిప్పుడు లాగినా రాదు."

"ఎందుకట్ల చేసినవ్ మల్లాగౌడ్?" అన్నాను.

అతను తలెత్తి ఎంతో అమాయకంగా చూశాడు. "మీరే చెప్పిండ్రు గద సారు, చెయ్యి గిట్లనే ఉండాల్నని."

సాబ్ అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఆయన వెళ్ళి మల్లాగౌడ్ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ వంగిన చెయ్యిని తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరాడు. తరువాత నాతో మెల్లగా అన్నాడు.

"బేటా, చెయ్యి పనిచేస్తలేదని నువ్వు గీయనకు వజీఫా ఇయ్యలే. చెయ్యిని మంచిగ గానియ్యకుండ్రి అని నౌకరీ ఇచ్చినవ్. పాపం, నమ్మకంగ చేసిండు."

మూడేళ్ళు

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే మీలో సగం మంది ఇదే తప్పు చేస్తారు. బాగయ్యే అవకాశం ఉన్నవాడికి తక్కువ గడువు రాయాలని అందరూ అనుకుంటారు. బాగవగానే పట్టుకుని ఆపేయవచ్చు కదా అని. కాగితం మీద చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! కానీ బల్ల అవతల కూర్చున్నవాడికి కూడా బుర్ర ఉంది. వచ్చే ఏడు మిమ్మల్ని చూడబోతున్నానని అతనికి చెప్పారంటే, ఆ ఏడాదంతా అతను మీ కళ్ళతోనే తన ఒంటిని చూసుకుంటాడు. కొంచెం నయమైతే సంతోషించవలసినవాడు భయపడతాడు. అతన్ని దొంగ అనడానికి నాకు ఏ హక్కూ లేదు. ఇంట్లో ఐదుగురి తిండి ఒక వంగిన మోచేతి మీద పెట్టింది నేను.

సాబ్ ఆ రోజు మల్లాగౌడ్‌ను అడిగాడు. "చెట్టును నాలుగు దినాలు గీయకపోతే ఏమైతది?"

"గెల ఎండిపోతది సాబ్. పూట పూటకు ఇంతింత గీస్తెనే ధార కారుతది."

"చెయ్యి గూడ గంతే. దినాం ఇంత సాపితెనే సాగుతది. ఎండిపోనిస్తివి."

మల్లాగౌడ్ ఒప్పుకున్నాడు. "నిజమే సాబ్. కని చెట్టును సర్కారు ఏడాదికొకసారి పిలిచి చూడది గద!"

సాబ్ పకపకా నవ్వాడు. నా కేసి తిరిగి, "విన్నవా? మూడేండ్లు రాయి. నడుమల పిలిచేది లేదు, చూసేది లేదు" అన్నాడు.

తహసీలు కచేరీలో మున్షీకి ఇది నచ్చలేదు. కాగితం పట్టుకుని దవాఖానకే వచ్చాడు. బాగయ్యే చెయ్యికి మూడేళ్ళేమిటి, నడుమ బాగైతే సర్కారు సొమ్ము వృథా కాదా అని దబాయించాడు. సాబ్ కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు. "మున్షీసాబ్, గీయన చెట్టెక్కకుంటే ఆబ్కారీకి కల్లు పన్ను ఎవలు కడుతరు? మీ సర్కారు కల్లు మీద బతుకుతుందా, గీయన వజీఫా మీద బతుకుతుందా?" మున్షీ ముద్ర వేసి పోయాడు. వాహ్, ఏం మనిషి! అటువంటి పై అధికారి దొరికితే ఆయన వెంట బండెడు తిట్లు తింటూనైనా పని చేయండి.

ఇక చెయ్యి సంగతి. ఖాళీ లొట్టికి, అంటే కల్లు పట్టే కుండకు, తాడు కట్టి చేతికి వేలాడదీయమన్నాం. మొదటి వారం ఉత్త లొట్టి. తరువాత దోసెడు నీళ్ళు, తరువాత ఇంకో దోసెడు. మల్లాగౌడ్ సరే అన్నాడు గానీ అతని కళ్ళలో నమ్మకం లేదు. నేను లచ్చవ్వను పక్కకు పిలిచాను.

"అవ్వా, నీ మీదనే భారం. చేస్తడా?"

"చెయ్యకుంటే లొట్టి నెత్తి మీద పగులుతది" అంది లచ్చవ్వ.

చెట్టు మీద తమ్ముడు

ఆ కాగితం రాసి రెండేళ్ళు కావస్తోంది. కౌడిపల్లి దిక్కు పల్లెల్లో గత్తర మొదలైంది, కలరాను మా దిక్కు అట్లా అంటాం. సూదులు వేయడానికి నన్ను పంపారు. సైకిలు మీద పోతున్నాను. మంచి పొద్దుటి ఎండ. ఊరి పొలిమేరలో తాటిచెట్ల వరుస ఉంది. ఒక చెట్టు మొదట్లో లచ్చవ్వ లొట్లు కడుగుతోంది. పైన ఒక మనిషి గీత కత్తితో గెల కోస్తున్నాడు.

నేను సైకిలు ఆపాను. తలెత్తాను. ఆ నడుము, ఆ మోకు వేసుకునే తీరు, ఆ రుమాలు.

"ఎవలది? మల్లాగౌడా?" అని కేకేశాను.

పైన కత్తి ఆగిపోయింది. నా టోపీ గుర్తుపట్టినట్టున్నాడు.

"కాదు సారు! నేను గాయన తమ్ముణ్ణి!"

లచ్చవ్వ వైపు చూశాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ ఆయనకు తమ్ముడున్నడా అవ్వా?"

"నాక్కూడ గిప్పుడే ఎర్కయింది సారు" అంది. ఇంక ఆపుకోలేక నేల మీద చతికిలబడి నవ్వింది.

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే, పంచె ఎగ్గట్టి! టోపీ గాలిలోకి విసిరాను. డాక్టరు, చర్చిలో పాటలు పాడే మనిషి, తాళ్ళ మధ్య ఒంటరిగా తైతక్కలాడుతుంటే పైనున్నవాడు ఏమనుకుంటాడు? కోపంతో చిందులు తొక్కుతున్నాననుకున్నాడు.

"చెయ్యి సాపు! కుడిచెయ్యి! ఒక్కసారి పైకి సాపు!" అని అరిచాను.

"తమ్మునికి రెండు చేతులు మంచిగనే ఉంటయి సారు! మీరు పోండ్రి, నేను దిగుత!"

"నువ్వు దిగేదాంక నేను పోను!"

చాలాసేపటికి దిగాడు. రెండు చేతులూ మారుస్తూ, మోకును పైకీ కిందకీ విసురుతూ ఎంత ఒడుపుగా దిగాడో! ఆ కుడి మోచెయ్యి తెరుచుకుంటుంటే, మూసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. మూడుసార్లు తీసేయబోయి ఆగిన చెయ్యి అది. నా తెలివితక్కువతనం వల్ల కర్రలా బిగిసిపోయిన చెయ్యి అది.

నేల మీద కాలు మోపాడో లేదో, ఆ చెయ్యిని గబుక్కున ముడిచి రొమ్ముకు ఆనించుకున్నాడు.

నా గంతులు ఆగిపోయాయి. ప్రపంచంలో అతని చెయ్యి చూసి అందరికంటే ఎక్కువ సంతోషించేది నేను. అతను దాచుకున్నది కూడా నా దగ్గరి నుంచే. చాలా బాధేసింది.

"సారు, వజీఫా ఆపుతరా?" అన్నాడు. "దినాం ఎక్కుతలేను. మూడు చెట్లే. ఎక్కువ ఎక్కితే గుంజుతది."

"మూడేండ్లు రాసిన. మూడేండ్లంటే మూడేండ్లే. నేను సూదులెయ్యనీకి వచ్చిన, నిన్ను చూడనీకి రాలే. ఇగ చెయ్యి ఇప్పు."

నమ్మలేదు. ఒట్టు వేయమన్నాడు. మా నాయన మీద ఒట్టు వేశాను. అప్పుడు మెల్లగా చెయ్యి విప్పాడు. తాటాకు రేక మడిచి నా చేతికిచ్చి, లొట్టి ఎత్తి కల్లు పోశాడు. మా సంఘంలో కల్లు ముట్టకూడదు. ఆ పొద్దు నేను ముట్టాను, రెండోసారి కూడా పోయించుకున్నాను. ఆ చెయ్యి నిండు లొట్టిని ఎత్తి వంచి పోస్తుంటే ఇంకా ఇంకా చూడాలనిపించింది. మా పాస్టరుగారు బతికి ఉంటే క్షమించేవారే.

ఆ రోజు నేను చూసినది దవాఖానలో ఎక్కడా రాయలేదు. యూనుస్ సాబ్‌కు మాత్రం చెప్పాను. ఆయన విని, బల్ల మీద రెండు చేతులతో దరువు వేశాడు. రాయకపోవడం ఖాయిదా ప్రకారం తప్పా అంటే తప్పే కావచ్చు, మీరు వాదించుకోండి. ఇచ్చిన గడువును నడుమలో చెడగొట్టి ఉంటే, ఆ తాళ్ళ వరుసలో ఇక ఏ గాయపడ్డవాడూ మళ్ళీ చెట్టెక్కేవాడు కాదు.

గడువు ముగిసిన రోజు

మూడేళ్ళు నిండాయి. అప్పటికి సాబ్ ఉద్యోగం ముగించుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. పిలుపు కాగితం అందకముందే మల్లాగౌడ్, లచ్చవ్వ వచ్చేశారు.

"చూడుండ్రి సారు" అని తనే చెయ్యి చాపాడు. కొద్దిపాటి వంపు మిగిలింది, అంతే. పిడికిలి పట్టమన్నాను. నా వేళ్ళు నలిగిపోయాయి! అబ్బా అని అరిచి, మళ్ళీ పట్టమన్నాను. ఇప్పుడు ఎన్ని చెట్లని అడిగాను. పద్దెనిమిది అన్నాడు. లచ్చవ్వ పక్క నుంచి "ఇరవై" అని దిద్దింది. వజీఫా మీద బతికినప్పటికంటే ఇప్పుడు వాళ్ళిల్లు నిండుగా ఉందని ఆమె కట్టుకున్న చీరే చెబుతోంది.

'చెయ్యి బాగైంది, పని చేసుకుంటున్నాడు, ఇక వజీఫా అక్కరలేదు' అని రాసి అతనికి చదివి వినిపించాను. నా గొంతులో ఎంత గర్వమో! మూడేళ్ళ గడువు పని చేసింది, మా సాబ్ గెలిచాడు, నేనూ గెలిచాను. ఈ పాఠం నేను నా తరువాతివాళ్ళకు చెబుతానని కూడా మనసులో అనేసుకున్నాను.

మల్లాగౌడ్ మాత్రం లేవలేదు. రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు నలుపుతున్నాడు.

"సారు, ఒక్క మాట. మల్ల చెయ్యి పట్టేస్తే? చెట్టు మీదికెళ్ళి పడితే?"

"మల్ల రా" అన్నాను. "ఆ దినమే చూస్తం, ఆ దినమే కొత్త కాగితం రాస్తం."

"ఒకసారి ఆపినంక మల్ల ఇస్తరా?"

"ఎందుకియ్యరు? ఖాయిదాలనే ఉంది. ఇదిగో, కాగితం ఎనుక అచ్చేసే ఉంది." తిప్పి చూపించాను. బాగై వజీఫా ఆగినవాడికి మళ్ళీ పని చేతకాకుంటే మళ్ళీ ఇవ్వాలని వేలు పెట్టి చదివాను కూడా. మొదటి రోజు నుంచీ ప్రతి కాగితం వెనక ఉన్న ఆ రెండు వరుసలను నేను ఎవరికైనా చదివి వినిపించడం అదే మొదటిసారి.

మల్లాగౌడ్ కాగితం వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఏదో చిన్న లెక్క ఇన్నాళ్ళకు తేలినట్టు తల ఊపాడు.

"గా ముక్క మొదటి దినమే చెప్తే, నేను చెయ్యి కట్టుకుందునా సారు?" అన్నాడు.